పిండికొద్దీ రొట్టెయేనా?

వస్తువు వెలను బట్టి దాని గుణమును నిర్ణయించుట లోకమున పరిపాటియైపోయినది. అంగడిలో ఒకే వరుసలో రెండు టెలివిజన్లు నిలిపి యుందురు. ఒకదాని వెల పండ్రెండు వేలు. రెండవదాని వెల లక్షకు పైబడును. చూడవచ్చినవాడు మొదటిదానిని వెలిగించి చూడకముందే "ఇది మూడునాళ్ల ముచ్చట" అని పెదవి విఱుచును. రెండవదాని గుణములు తనకు బోధపడకున్నను తల యూపును. ఎందుకని ప్రశ్నించినచో "పిండికొద్దీ రొట్టె" అను సామెతను చూపును. సామెత అబద్ధము కాదు. కాని రొట్టె ఎంత పెద్దదైనను తినువాని కడుపు పెరుగదు గదా! ఇంటి విద్యుత్పరికరముల విషయమున మన బళ్లారి జిల్లా తెలుగు కుటుంబములు ఈ రెండవ సంగతిని మఱచుచున్నవని నా అభిప్రాయము. రేడియో, టెలివిజన్, ధ్వనిపెట్టె, సెల్‌ఫోను - వీనిలో సామాన్యపు వెల గలది మన అవసరమునకు చాలును. హెచ్చు వెల పెట్టదగిన చోటు వేఱొకటి కలదు. వింత యేమనగా, అక్కడనే మనము లోభము చూపుచున్నాము.

ఇది చిన్న విషయమని కొందఱు తలపవచ్చును. కాని మన తరగతులలో కూర్చున్న పిల్లలలో అనేకులు జీన్సు బట్టలు కుట్టువారి బిడ్డలు, మిరపతోటలలోను ప్రత్తిచేలలోను కూలికి పోవువారి బిడ్డలు. పదవ తరగతి ముగిసిన పిమ్మట పైచదువునకై గుంతకల్లునకో, ఆదోనికో, అనంతపురమునకో పోదలచిన పిల్లవానికి బస్సుచార్జీ కావలెను, హాస్టలు రుసుము కావలెను. సరిగా ఆ సంవత్సరముననే ఇంటిలో పెద్ద టెలివిజన్‌కు నెలవాయిదా కట్టవలసి యున్నచో ఆగిపోవునది వాయిదా కాదు; చదువే. కావున ఈ విషయమున కొంత లెక్క చూచుట అవసరము.

ముందుగా రేడియో సంగతి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము అవతరించినది. ఆ దినముననే బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరినది. ఆదోని, ఆలూరు, రాయదుర్గము ఆంధ్రమున నిలిచినవి. వియ్యపువారు ఒక రాష్ట్రమువారు, అల్లుడు మఱొక రాష్ట్రమువాడు అయినారు. అప్పటికి మద్రాసు కేంద్రము 1938 నుండియు, విజయవాడ కేంద్రము 1948 నుండియు తెలుగు ప్రసారములు చేయుచుండెను. హైదరాబాదు కేంద్రము 1950లో ఆకాశవాణిలో చేరినది. కడప కేంద్రము 1963లో వచ్చినది. పగటివేళ దూరపు మధ్యతరంగ ప్రసారములు సరిగా వినరావు. వాతావరణపు పైభాగమున ఎండవలన ఏర్పడు విద్యుత్కణముల పొర యొకటి ఆ తరంగములను మ్రింగివేయును. సూర్యాస్తమయమైన పిదప ఆ పొర కరగిపోవును. అప్పుడు తరంగములు ఇంకను పైనున్న పొరను తాకి, వంగి, వందలమైళ్ల దూరమున దిగును. చీకటి పడినపిమ్మట సరిహద్దు పల్లెలలో తెలుగు వార్తలు, నాటకములు స్పష్టముగా వినబడుటకు కారణమిదియే.

ఆనాటి వాల్వు రేడియో పెద్ద కొయ్యపెట్టె. మిద్దెపై రెండు గడలు పాతి వాని నడుమ తీగ కట్టవలెను. ఏటేట లైసెన్సు రుసుము చెల్లింపవలెను. ఆ లైసెన్సు పద్ధతి 1980వ దశకమున గాని పోలేదు. అట్టి పెట్టె గల ఇల్లు వీధికొకటి యున్నచో గొప్ప. ట్రాన్సిస్టరును 1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కనుగొనిరి. 1954లో జేబురేడియో అక్కడ అమ్మకమునకు వచ్చినది. అందు నాలుగే ట్రాన్సిస్టరులు. వెల 49 డాలర్ల 95 సెంట్లు. ధ్వనిమాధుర్యమున అది వాల్వు రేడియో కాలిగోటికి చాలదు. సంగీతరసికులు దానిని బొమ్మయని నవ్వియుందురు. అయినను వెల నానాటికి తగ్గగా పొలముగట్టు మీదికి, బీడీలు చుట్టు అరుగు మీదికి, గొఱ్ఱెలమంద వెంటకు రేడియోను చేర్చినది ఆ బొమ్మయే గాని కొయ్యపెట్టె కాదు. బళ్లారి ప్రాంతమున తెలుగు వినుటకు కోటీశ్వరుల పెట్టెల వలన కలిగిన మేలుకంటె ఈ చౌకపెట్టెల వలన కలిగిన మేలు వేయిరెట్లు అధికమని నేను నిస్సంకోచముగా చెప్పగలను.

అది న్యాయమే. మనుష్యుని మాట స్పష్టముగా తెలియుటకు సెకనుకు 300 మొదలు 3,400 వఱకు గల కంపనములు చాలునని టెలిఫోను శాస్త్రజ్ఞులు నిర్ణయించి, ఆ కొలతకే ప్రపంచమంతట టెలిఫోనులు నడిపిరి. మధ్యతరంగ ప్రసారము అంతకంటె కొంచెము విశాలము, అంతే. కేంద్రము పంపని స్వరమును పదిరెట్లు వెలగల పెట్టె మాత్రము ఎక్కడనుండి తెచ్చును?

ఇక టెలివిజన్. ఇందు విద్యార్థులు తామే వేసికొనదగిన లెక్క యొకటి కలదు. ఒక అంశమును అరువది భాగములు చేసినచో ఒక భాగము "కళ" యగును. ఆరోగ్యమైన కన్ను రెండు చుక్కలను వేఱువేఱుగా గుర్తింపవలెనన్న వాని నడుమ కనీసము ఒక కళ కోణము ఉండవలెను. అనగా చుక్క వెడల్పునకు 3,438 రెట్లు దూరము దాటినచో ఆ చుక్కలు కలసిపోయి కనబడును. 32 అంగుళముల టెలివిజన్ తెర అడ్డము సుమారు 28 అంగుళములు. సామాన్యరకము తెరలో ఆ అడ్డమున 1,366 చుక్కలుండును. భాగించి హెచ్చవేయుడు: డెబ్బది అంగుళములు వచ్చును. ఆరడుగులకు కొంచెము తక్కువ. ఆ దూరము దాటి కూర్చున్నవానికి దాని చుక్కలు కనబడనే కనబడవు. 55 అంగుళముల "నాలుగు కె" తెరకు ఇదే లెక్క వేసినచో సుమారు నలుబది మూడు అంగుళములు వచ్చును. అనగా మూడున్నర అడుగుల దగ్గరకు జరిగి కూర్చున్నగాని మీరు వెలపెట్టి కొన్న సూక్ష్మత అంతయు మీ కంటికి అందదు. అంత దగ్గర కూర్చుండి చూచు ఇల్లు నేను ఎఱుగను. చిన్నపిల్లలు కూర్చున్నచో తల్లులు చెవి మెలిపెట్టి వెనుకకు లాగుదురు.

చూపు తగ్గిన ముసలివారికి పెద్ద తెర మేలే. అది నిజము. చీకటి దృశ్యములలో హెచ్చు వెల తెర నలుపును నలుపుగా చూపును, అదియు నిజము. కాని ఆ గుణమునకు పదింతలు చెల్లించుట యుక్తమా అనునదే ప్రశ్న. పైగా తెరపైకి వచ్చు బొమ్మ ఎట్టిదో గూడ చూడవలెను. దూరదర్శన్ వారి "ఫ్రీ డిష్" 2004 డిసెంబరులో ఆరంభమైనది. పళ్లెము, పెట్టె ఒక్కమారు కొన్నచో నెలసరి చందా లేదు. కన్నడపు చందనతో పాటు తెలుగువారి సప్తగిరి, యాదగిరి అందులో వచ్చును. కర్ణాటకమున నివసించు తెలుగు కుటుంబమునకు ఇంతకంటె అనుకూలమైన ఏర్పాటు మఱొకటి కానరాదు. అందలి చిత్రములలో అధికభాగము సామాన్యపు సూక్ష్మత గలవి. వానిని లక్షరూపాయల తెరపై చూచుట యన్నచో చేతిరుమాలును దుప్పటి యంత సాగదీసి చూచుటయే.

ధ్వని విషయమున మనవారి వ్యామోహము ఇంకను విచిత్రమైనది. బళ్లారి రాఘవ తన కంఠముతోనే నాటకశాలలను నిండించిన ఊరు మనది. మైకులు విరివిగా లేని ఆ కాలమున కంఠము ఎట్లు మ్రోగినదో, గది ఎట్లు మ్రోగినదో నటులకు తెలియును. నేడు పదడుగుల గదిలో, కడపబండల నేలపై, రేకుల కప్పు క్రింద, తెరలు గాని పఱపులు గాని లేనిచోట పెద్ద పెద్ద ధ్వనిపెట్టెలు నిలిపి "మాట తెలియుట లేదు" అని విసుగుకొందురు. తెలియకపోవుటకు కారణము పెట్టె కాదు, గోడలు. అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉపన్యాసశాల యొకటి మాట తెలియకుండ మ్రోగుచుండగా వాలెస్ సేబిన్ అను యువ ఉపాధ్యాయుడు 1895లో దాని కారణమును వెదుకుటకు పూనుకొనెను. ఆయన వాడిన ముఖ్యసాధనము ఏమి? ప్రక్కనున్న నాటకశాలలోని ఆసనముల మెత్తలు! రాత్రులందు వానిని మోసికొనివచ్చి, ఎన్ని మెత్తలు పఱచినచో ప్రతిధ్వని ఎంత త్వరగా అణగునో కొలిచెను. ఆధునిక ధ్వనిశాస్త్రమునకు అది పునాది. మన ఇంట ఆ మెత్తల పని అవ్వ కుట్టిన బొంత చేయును. టెలివిజన్‌కు ఎదురుగానున్న గోడపై రెండు బొంతలు వ్రేలాడదీసి వార్తలు వినుడు. పిమ్మట క్రొత్త ధ్వనిపెట్టె సంగతి ఆలోచింతురు గాక.

బంగారుపూత తీగల గుఱించి రెండు మాటలు చాలును. నేటి పెట్టెనుండి టెలివిజన్‌కు పోవు సంకేతము అంకెల వరుస. ఇంటిలోని పొట్టి తీగలో ఆ అంకెలు చేరునో, చేరవో - రెండే గతులు. చేరిన అంకెను బంగారము మఱింత అందముగా చేయజాలదు.

వెలకు, మన భాషకు గల సంబంధమును తెలుపు ఉదంత మొకటి విద్యార్థులు తప్పక ఎఱుగవలసినది. 2017 నవంబరులో ఆపిల్ సంస్థవారు ఐఫోన్ టెన్ అను సెల్‌ఫోనును మనదేశమున 89,000 రూపాయల వెలకు అమ్మజొచ్చిరి. 2018 ఫిబ్రవరిలో ఒక వింత బయటపడినది. తెలుగు "జ్ఞా" అను అక్షరము ఒకానొక విధముగా కూర్చబడి సందేశములో వచ్చినచో ఐఫోన్లలోని ఆ సందేశపు కార్యక్రమము కూలిపోవుచుండెను. ఒక్కొక్కప్పుడు ఫోను మొత్తమే చిక్కులో పడుచుండెను. లోకమంతట పత్రికలు దీనిని వ్రాసినవి. ఆ నెలలోనే సంస్థవారు సవరణ విడుదల చేసి దోషమును తొలగించిరి. వారిని నిందించుట నా ఉద్దేశము కాదు. యంత్రమన్న తరువాత దోషములుండును, వారు త్వరితముగనే దిద్దిరి. కాని జ్ఞానమును సూచించు అక్షరమునకే ఆ ఖరీదైన యంత్రము తడబడినదని విన్నప్పుడు నవ్వు ఆపుకొనుట కష్టము. వెల చెల్లించినంతమాత్రమున మన లిపి దానికి వచ్చునను భరోసా లేదు. ఫోను కొనునప్పుడు అడుగదగిన ప్రశ్న "దీని వెల యెంత" అని కాదు. తెలుగు వార్తనొకదానిని తెఱచి ఒత్తులు, గుణింతములు సరిగా వచ్చుచున్నవా అని చూడుడు. తెలుగున ఒక వాక్యము వ్రాసి చూడుడు. ఈ పరీక్షలో నెగ్గిన ఏడెనిమిది వేల ఫోను మన పిల్లల పాఠములకు చాలును.

"నెలవాయిదాల మీద కొనుచున్నాము గదా, వడ్డీ సున్నయే గదా" అందురు. అప్పుచేసి పప్పుకూడు తినవద్దని పెద్దలు చెప్పిన మాటను ఈ "సున్న వడ్డీ" మఱపించినది. సున్న వడ్డీ యన్నది అసలు లేనేలేదని రిజర్వుబ్యాంకు 2013 సెప్టెంబరులో బ్యాంకులకు వ్రాసిన లేఖలోనే స్పష్టపఱచినది. వడ్డీ రుసుము పేర దాగియుండును. లేదా రొక్కమునకు తగ్గించు సొమ్మును వాయిదాదారునకు తగ్గింపకపోవుటలో దాగియుండును. ఇరువది వేల వస్తువునకు రొక్కమిచ్చినచో పదునైదు వందలు తగ్గింతుమని చెప్పి, వాయిదాలకు ఇరువది వేలు పూర్తిగా గైకొన్నచో ఆ పదునైదు వందలే వడ్డీ. అంగడిలో నిలిచి ఈ ఒక్క ప్రశ్న అడుగుడు: "ఇప్పుడే రొక్కమిచ్చినచో ఎంత?" అంగడివాని ముఖమున సమాధానము వెంటనే కనబడును.

చౌక అన్నంతనే నాసి అనుటయు పొరపాటే. ఎల్.ఇ.డి. దీపములను చూడుడు. ప్రభుత్వపక్షమున టోకున కొనునపుడు 2014లో దీప మొక్కంటికి 310 రూపాయలు పడినది. 2016 నాటికి 38 రూపాయలైనది. దీపము చెడిపోయి వెల తగ్గలేదు. కోట్లకొలది దీపములను ఒక్కమారు కొనుటచే తగ్గినది.

ఇప్పుడు హెచ్చు వెల పెట్టదగిన చోటునకు వత్తును. ఇందు నా మాట కొంత కఠినముగా నుండును. లక్షరూపాయల టెలివిజన్ కొనినవారి ఇంటనే నలుబది రూపాయల ఛార్జరు గోడకు వ్రేలాడుచుండుట తఱచు. 230 వోల్టుల విద్యుత్తును 5 వోల్టులకు దించునది ఆ చిన్న పెట్టె. దానిలో రెండు తీగచుట్టలుండును. వాని నడుమ విద్యుత్తు దాటరాని పొరలు, తగినంత ఎడము ఉండవలెను. ఆ ఎడమే ప్రాణరక్షణ. నలుబది రూపాయలకు అమ్మదలచినవాడు మొదట తగ్గించునది దానినే. బయటికి కనబడదు గనుక. ఫోను పట్టుకొని మాటలాడుచుండగా చేయి జిల్లుమన్నదని పిల్లలు చెప్పినచో పెద్దలు నవ్వి ఊరకుండరాదు. 2012లో వెలువడిన ప్రభుత్వ ఉత్తరువు ననుసరించి ఛార్జరు వంటి పరికరములను భారతీయ ప్రమాణముల సంస్థలో నమోదు చేయవలసి యున్నది. నమోదైన వస్తువుపై "ఆర్" అను ఆంగ్లాక్షరము, దాని తరువాత ఎనిమిది అంకెలు ముద్రింపబడి యుండును. ఆ సంస్థవారి "బి.ఐ.ఎస్. కేర్" అను ఫోను కార్యక్రమమున ఆ అంకెలు వేసినచో ఏ సంస్థ ఏ వస్తువునకు పొందిన నమోదో తెలియును. అంకె లేని ఛార్జరు ఉచితముగా ఇచ్చినను కొనిపోరాదు.

మూడవ పిన్ను సంగతి ఇంకను దుఃఖకరము. ఇస్త్రీపెట్టెకు, మిక్సీకి, రిఫ్రిజిరేటరుకు మూడు పిన్నుల ప్లగ్గు ఇచ్చుట అలంకారమునకు కాదు. లావుపాటి మూడవ పిన్ను నేలతో సంబంధము కలుపును. లోపలి తీగ చెడి లోహపు ఒడలిని తాకినపుడు విద్యుత్తు మనుష్యుని గుండా పోక ఆ దారిని నేలలోనికి పోవును. మన ఇండ్లలో అనేకచోట్ల సాకెట్టు రెండు రంధ్రములదే యని ఆ పిన్నును పీకివేయుదురు, లేదా సాకెట్టు వెనుక తీగయే యుండదు. స్విచ్చిబోర్డున 30 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చినంతనే విద్యుత్తును తెగగొట్టు రక్షణస్విచ్చి యొకటి దొరకును. దాని వెల చౌక టెలివిజన్ వెలలో నాలుగవ వంతు ఉండదు. దానిని పెట్టించిన ఇల్లు నూటికి ఎన్ని? పండుగకు టెలివిజన్ మార్చుదురు. తండ్రికాలపు తీగలు మాత్రము మార్చరు.

స్టెబిలైజరు విషయము దీనికి తలక్రిందులు. నేటి టెలివిజన్లలో చాలవానికి వెనుకవైపు 100 నుండి 240 వోల్టుల వఱకు అని ముద్రించియే యుందురు. అట్టివానికి మామూలు హెచ్చుతగ్గులను ఓర్చుకొనుటకు వేఱు పెట్టె అక్కఱలేదు. అంగడివారు వద్దన్నను అంటగట్టుదురు. వెనుకనున్న చీటీ చదువుటకు పదవ తరగతి చదువు కూడ అక్కఱలేదు.

ఫ్యాను మాత్రము వెల హెచ్చినదే కొనుడు. బళ్లారిలో ఫ్యాను విలాసము కాదు. పాతరకము ఫ్యాను సుమారు 75 వాట్లు త్రాగును, బి.ఎల్.డి.సి. అను క్రొత్తరకము మోటారు గలది సుమారు 30 వాట్లతో అంతే గాలి ఇచ్చును. దినమునకు పదునైదు గంటల చొప్పున మూడువందల దినములు తిరిగినచో రెండువందల యూనిట్లు మిగులును. 2023 నుండి గృహజ్యోతి పథకము క్రింద మన రాష్ట్రమున 200 యూనిట్ల లోపు వాడు ఇండ్లకు, పూర్వపు సగటుపై పదింట ఒక వంతు కలిపి, విద్యుత్తు ఉచితముగా లభించుచున్నది. కనుక మాకెందుకు పొదుపు అందురేమో! వేసవిలో ఆ హద్దు దాటుటయు, బిల్లు వచ్చినపిమ్మట గోలపెట్టుటయు మనము చూచుచునే యున్నాము. ఆ విద్యుత్తు కుడితినిలో బొగ్గు కాల్చి చేయునదే. దాని బూడిద ఎవరి మిద్దెలపై పడునో చెప్పనక్కఱలేదు.

ఇంకొక సంగతి. పరికరములలోని కండెన్సరులను చంపునది వేడిమి. పది డిగ్రీల వేడి హెచ్చినచో వాని ఆయువు సగమగునని ఇంజనీరుల అంచనా. మన వేసవి 40 డిగ్రీలు దాటును. దానికి తోడు సండూరు దారుల వెంట ఎఱ్ఱదుమ్ము. టెలివిజన్‌ను గోడకు అంటించి, మీద లేసుగుడ్డ కప్పి, వెనుక దుమ్ము పేరనిచ్చినచో లక్షదైనను పండ్రెండు వేలదైనను ఒకే గతి. నాలుగు అంగుళముల ఎడమునిచ్చి, ప్లగ్గు ఊడదీసి నెలకొకమారు మెత్తని కుంచెతో దులిపినచో చౌకదియే ఏండ్లు పనిచేయును. ఉబ్బిన కండెన్సరును మార్చుట బజారులోని మరమ్మతు కుఱ్ఱవానికి అరగంట పని. తెర పగిలినచో మాత్రము ఎంతవాడును చేయగలిగినది లేదు. అప్పుడైనను పండ్రెండు వేలు పోవుట వేఱు, లక్ష పోవుట వేఱు.

మరల రేడియో సంగతి చెప్పి ముగింతును. చౌక రేడియోలో దూరపు కేంద్రము సరిగా రాకున్నచో దానిని పాఱవేయవద్దు. లోపల నల్లని ఫెర్రైటు కడ్డీ అడ్డముగా నుండును. ఆ కడ్డీ కొన కేంద్రము వైపు తిరిగినచో ధ్వని సన్నగిల్లును. ప్రక్క తిరిగినచో బలపడును. పెట్టెను బల్లపై మెల్లగా త్రిప్పి చూడుడు. త్రిప్పినను గరగర పోనిచో ఇంటిలోని నాసిరకపు దీపములను ఒక్కొక్కటిగా ఆర్పి, గోడకు వ్రేలాడు ఆ నలుబది రూపాయల ఛార్జరును ఊడదీసి, అప్పుడు వినుడు.